రేకుల కింద మా పెద్దమ్మ

మా వాళ్ల వాట్సాప్ గ్రూపుకు నిద్ర ఉండదు. తెల్లారకముందే ఎవరో ఒకరు వాక్యం పెడతారు, దాని కింద ఆమెన్‌లు వరస కడతాయి. గుంటూరులో ఒకరికి కడుపునొప్పి వస్తే సత్తెనపల్లిలోనూ హైదరాబాదులోనూ ప్రార్థనలు మొదలవుతాయి. ఆ మనిషిని డాక్టరు దగ్గరికి వెళ్లమని మాత్రం ఎవరూ అనరు, అది విశ్వాసం చాలకపోవడం కిందికి వస్తుంది. అలాంటి గ్రూపులో ఈ ఏప్రిల్‌లో మా పెదనాన్న ఒక మెసేజీ పెట్టాడు. మా పెద్దమ్మ ప్రభువునందు నిద్రించి వచ్చే నెలకు ఏడాది అవుతుందట. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలట. కాబట్టి ఎప్పటిలాగే సెలవులకు అందరూ పిల్లాజెల్లాతో ముందే ఊరికి వచ్చెయ్యాలట. జోడించిన చేతుల బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. ఏడుపు మొహాలు పడ్డాయి. అప్పుడు మా సత్తెనపల్లి అత్త, అంటే నాన్నకూ పెదనాన్నకూ చెల్లెలు, ఒక చిన్న ప్రశ్న వేసింది.

"మరి వంట ఎవరు అన్నయ్యా?"

గ్రూపు నిద్రపోయింది. నాకు తెలిసి అది నిద్రపోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం అమ్మ ఫోను మోగింది. పెదనాన్న. అమ్మ స్పీకరు పెట్టి గోరుచిక్కుళ్లు తుంచుకుంటోంది.

"ఏమ్మా, బాగుండారా? అది కాదమ్మా, మీ అక్క చేతి వంట నీ ఒక్కదానికే పట్టుబడింది. ఆ పులుసు ఇంకెవురికీ రాదు. నువ్వు చేస్తే ఆవిడ చేసినట్టే ఉంటది. కాస్త ముందుగా వచ్చెయ్."

"చూద్దాం బావగారూ," అంది అమ్మ.

మా ఇళ్లలో కోడళ్లు 'చూద్దాం' అంటే ఒప్పుకున్నారని అర్థం. అమ్మకు బీపీ ఉంది. ఎండలో చర్చి మెట్లెక్కితేనే కళ్లు తిరుగుతాయి. ఆమె ఇప్పుడు అదే ఇంటికి, అదే మే నెలలో, పోయినేడు పెద్దమ్మ పడిపోయిన అదే వంటింట్లోకి వెళ్లాలి. దానికి పేరు జ్ఞాపకార్థం. నాకు కోపంతో జోకు కూడా రాలేదు. ఇంట్లో దాన్ని జ్వరం లక్షణంగా తీసుకుని నుదురు పట్టి చూశారు.

గ్రూపులో పెద్దమ్మ మీద రాస్తున్నవి చదివితే ఎవరో తెలియని ఆవిడ పోయినట్టుంటుంది. సహనమూర్తి. మౌనంగా సేవ చేసిన తల్లి. ఆ నోట ఒక పరుషమైన మాట విని ఎరుగమట. ఆ నోట పరుషం కాని మాట నేనెప్పుడు విన్నానా అని కూర్చుని ఆలోచించాను. పాపం, బజ్జీలు బాగా వచ్చినప్పుడు ఒకటీ అరా ఉండొచ్చు.

మా తాతగారి ఇల్లు గురజాల దాటాక, రెంటచింతల వైపు, చర్చి గోడకు ఆనుకుని ఉంటుంది. ముందు భాగం స్లాబు. హాల్లో కూలరు. వెనక విడిగా వంటిల్లు, దానికి సిమెంటు రేకులు. స్లాబు వెయ్యడానికి అప్పట్లో కుదరక తాత్కాలికంగా రేకులు కప్పారని చెబుతారు. ఆ తాత్కాలికం నాకంటే వయసులో పెద్దది. వంటింటికి ఉన్న ఒకే ఒక్క కిటికీ తెరిస్తే చర్చి గోడ కనపడుతుంది. ఆధ్యాత్మికంగా మంచిదే, గాలికి మాత్రం పనికిరాదు. లోపల ఒక గ్యాసు పొయ్యి, మంది ఎక్కువైతే వాడే కట్టెల పొయ్యిలు. ఎండలు ముదిరి రెంటచింతల పేరు టీవీలో వచ్చే రోజుల్లో మా ఊరివాళ్లు వీధిలోకి రారు. ఆ రోజుల్లోనే మా ఇంటికి అందరూ వస్తారు. ఎందుకంటే బడికి సెలవులు, చర్చిలో పిల్లల బైబిలు బడి, చివరి మూడు రోజులు తాతగారి పేరు మీద పందిరి వేసి కూడికలు.

ఆ రోజుల్లో మా ఇల్లు వరండాలోంచి చూస్తే పరలోకం. పిల్లలు చర్చిలో మైకు పగిలేలా పాడుతుంటారు. మగాళ్లు కూలరు ముందు చాపల మీద పడుకుని సంఘం ఎటు పోతోందోనని బాధపడుతుంటారు. మేనత్తలు మామిడికాయ ముక్కలు తుడుస్తూ ఎవరి కోడలు ఎలాంటిదో చెప్పుకుంటుంటారు. వెనక నుంచి మాత్రం ఒక గొంతు వస్తుంటుంది.

"కాఫీలు ఎంతమందికి? చేతులెత్తండి! రక్షణ పొందినోళ్లు ఎత్తినట్టు ఎత్తండి, నేను లెక్క చూసుకుంటా!"

అది మా పెద్దమ్మ.

పొట్టి మనిషి. తల మీద తడి తువ్వాలు, కొంగు బొడ్లో దోపిన చీర, చేతులు రెండూ ఎప్పుడూ పిండిలోనో కారంలోనో. మొహం మీద జుట్టు పడితే తొలగించడానికి చేతులు ఖాళీ ఉండవు కాబట్టి కింది పెదవి ముందుకు చాచి పైకి ఉఫ్ఫని ఊదేది. ఆ ఊదడం ఎంత అలవాటైందంటే, చర్చిలో చేతులు ఖాళీగా ఉన్నా, జుట్టు పడకపోయినా, పాస్టరుగారి ప్రసంగం మధ్యలో ఉఫ్ఫనేది. ఆయనకు అది తన మీద అభిప్రాయంలా అనిపించేది. అందులో కొంత నిజం కూడా ఉండేది.

పాట పాడుతూ వండేది. రాగం అందరిదే, తాళం మాత్రం గరిటెది. పప్పు కలుపుతుంటే సమాధి దగ్గర పాడినట్టు నిదానంగా సాగేది. అదే పాట వేపుడు దగ్గరికి వచ్చేసరికి పరుగు పెట్టేది. ఈరోజు కూర ఏమిటో హాల్లో పడుకుని పాటను బట్టి చెప్పేవాళ్లం. ఆవిడ శ్రమను మేము అంతవరకు ఆస్వాదించాం. లేచి వెళ్లి ఒక గిన్నె దించాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

భోజనాల ముందు ప్రార్థన పెదనాన్నది. ఆయన ప్రార్థన దేశాధినేతలతో మొదలై, జిల్లా అధికారుల మీదుగా, మా కుటుంబంలో పరీక్షలు రాసినవాళ్లందరినీ పేరుపేరునా తాకి, చివరికి అన్నం దగ్గరికి వచ్చేది. అప్పటికి అన్నం చల్లారేది. ఆయన లేని రోజున పెద్దమ్మ చేసేది. "ప్రభువా, వడ్డిస్తన్నా, ఆమెన్." అంతే. దేవుడికి కూడా ఆ రోజు కాస్త తీరిక దొరికేది.

అయిదు రొట్టెలతో అన్ని వేల మందికి పెట్టిన అద్భుతం గురించి పెదనాన్న ఒకసారి భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. పెద్దమ్మ సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడి వింది.

"ఆయనకి రొట్టెలు పెరిగినయ్యి. నాకు తపేలాలు పెరుగుతన్నయ్యి," అంది. "అయినా ఆడ లెక్కపెట్టింది మగాళ్లనే గదండీ? ఆడోళ్లని లెక్కెయ్యలా. ఎందుకెయ్యలేదో చెప్పమంటారా? వాళ్లు యాడో పొయ్యి కాడ ఉండుంటారు."

"నీ కోపమే నీకు ఆటంకం," అన్నాడు పెదనాన్న. "నీ కోపం తగ్గాలని నేను రోజూ ప్రార్థన చేస్తన్నాను, తెలుసా?"

"కోపం తగ్గిద్ది లెండి. ముందు ఎండ తగ్గమని చెయ్యండి."

ఆవిడకు కోపిష్టి అని పేరు. కోపం ఎందుకు వస్తోందో ఎవరూ అడగలేదు. బీపీ, షుగరు లాగా అది ఆవిడ సొంత జబ్బు అనుకున్నారు. ఒకసారి నేనే వంటింటి గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, ఎందుకు అట్టా అరుస్తావు?" అన్నాను. వడియాల కోసం వెళ్లాను నిజానికి.

"అరవకపోతే పేలిపోతాను రా. కుక్కరన్నా ఈల వేసిద్దిగా," అంది. నన్ను పైనుంచి కిందకు చూసింది. "ఏరా, అందరికీ జోకులేస్తావంటగా. ఇట్టా రా. ఈ పొయ్యి ముందర నిలబడి ఒకటెయ్యి, చూద్దాం."

వెళ్లి నిలబడ్డాను. ముందు పొయ్యి, పైన రేకు. మధ్యలో ఉన్నది గాలి కాదు, ఇంకేదో. కనుబొమ్మల మీది చెమట కళ్లలోకి దిగింది. జోకు మొదలుపెట్టాను కూడా. సగంలో అది ఎటు పోతోందో మరిచిపోయాను. నోట్లో తడి లేదు. పెద్దమ్మ గరిటె ఆపి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, నా మొహంలోకి ఎంతో ఆసక్తిగా చూసింది.

"చూశావా?" అంది. "ఈడ జోకులు పుట్టవు. ఇంక బయటికి పో, వడదెబ్బ తగిలిద్ది."

నాకు తగులుతుందని ఆవిడకు వెంటనే తోచింది. ఆ ఇంట్లో ఆ మాట ఆవిడ గురించి తోచినవాళ్లు లేరు.

మధ్యాహ్నం వంట అయ్యాక హాల్లోకి వచ్చేది. నేరుగా కూలరు ముందుకు వెళ్లి, కళ్లు మూసుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడేది. ఎంతసేపని? ఒక గుక్క నీళ్లు తాగేంతసేపు. ఈలోపే చాపల మీద నుంచి గొంతులు లేచేవి. సత్తెనపల్లి అత్తదైతే ఎప్పుడూ ముందే.

"వదినా, కొంచెం గాలికి అడ్డం జరుగు."

"అడ్డం కాదమ్మా, వాటా," అనేది పెద్దమ్మ కళ్లు తెరవకుండా. కానీ జరిగేది. తిడుతూనే జరిగేది. ఆ జరగడం చూసే వీళ్లు ఇప్పుడు సహనమూర్తి అంటున్నారు.

ఇక అసలు సంగతి, సాక్ష్యం. తెలియనివాళ్లకు చెబుతాను. మా కూడికల్లో చివరి సాయంత్రం కుటుంబంలో ఒక్కొక్కరు మైకు పట్టుకుని, ఈ ఏడాది దేవుడు తమకు ఏం చేశాడో చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. చెప్పేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ ఆగితే అక్కడ పందిరంతా "స్తోత్రం!" అంటుంది. అది వింటున్నామనడానికి గుర్తు. వినకుండా కూడా అనొచ్చు. చానామంది అలాగే అంటారు. ఉద్యోగాలు వస్తాయి, స్తోత్రం. కిడ్నీలో రాళ్లు కరుగుతాయి, స్తోత్రం. ఒక బావ కారు పల్టీ కొట్టినా చిన్న గీత కూడా పడకుండా బయటపడతాడు, స్తోత్రం. కారు ఎందుకు పల్టీ కొట్టిందో ఆయన చెప్పడు, అది సాతాను పద్దు.

రెండేళ్ల కిందట కూడికల్లో పాస్టరుగారికి ఏం బుద్ధి పుట్టిందో, "వెనక మనకోసం ప్రయాసపడుతున్న అమ్మగారు కూడా వచ్చి ఒక మాట చెప్పాలి," అన్నాడు. పెద్దమ్మ వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మైకు తీసుకుని ఉఫ్ఫని ఊదింది. అది మైకు పరీక్షేమో అనుకుని ఒకాయన "హలో" అన్నాడు.

"నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి చానా ఏళ్లయింది."

"స్తోత్రం!"

"వచ్చిన కాడి నుంచీ ఆ రేకుల కిందే ఉన్నాను."

"స్తోత్రం!"

"మీ అందరికీ వండతానే ఉన్నాను."

"హల్లెలూయ!"

"ఇప్పుడు నా వల్ల కావట్లా. లోపల ఉడికిపోతన్నాను. మొన్నా నిన్నా కళ్లు బైర్లు కమ్మినయ్యి, గోడ పట్టుకుని నిలబడ్డాను."

"స్తోత్రం ప్రభువా!"

పెద్దమ్మ మైకు దించి, పందిట్లో అందరి మొహాలూ ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. మళ్లీ ఎత్తింది.

"ఏందయ్యా స్తోత్రం? నేను చెప్పేది ఇంటన్నారా? ఆ రేకులు పీకి స్లాబన్నా వెయ్యండి, వంట బయటన్నా పెట్టించండి. వచ్చే ఎండలకి నేను ఉండను. ఆ కింద నేను చచ్చిపోతాను, చెప్తన్నా."

పందిరి ఒక్క క్షణం బిగుసుకుంది. ఆ ఒక్క క్షణంలో మా కుటుంబం బాగుపడే అవకాశం ఉండింది. పాస్టరుగారు లేచి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మైకు మెల్లగా పెద్దమ్మ చేతిలోంచి తీసుకున్నాడు.

"చూశారా ప్రియులారా," అన్నాడు గద్గదంగా, "ప్రాణం పోయేదాకా సేవలోనే ఉంటానని మన సహోదరి ఎంత ధైర్యంగా సాక్ష్యమిచ్చిందో!"

చప్పట్లు. అత్త ఏడ్చింది. పెదనాన్న గర్వంగా తల వంచుకున్నాడు. ఒక మనిషి చస్తానని చెబితే మెచ్చుకున్న సభ అది. చెప్పింది మైకులో, చెప్పింది తెలుగులో, చెప్పింది మైళ్ల దూరం వినపడేలా. అయినా ఆ మైకులోంచి సాక్ష్యం తప్ప ఇంకేమీ రాదని మా వాళ్లకు అలవాటు. ఫిర్యాదు వచ్చినా దాన్ని సాక్ష్యంగానే విన్నారు. అంతటితో ఆగలేదు. చివర్లో ఆవిడను పిలిచి సన్మానం చేశారు. శాలువా కప్పారు. మే నెలలో, పల్నాడులో, ఉడికిపోతున్నానని చెప్పిన మనిషి భుజాల మీద, ఉన్నిది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ ఆ శాలువాతో అన్నం తపేలా దించింది. మసిగుడ్డగా అది చానా బాగా పనికొచ్చింది. దళసరి.

పోయినేడు మళ్లీ అందరం వెళ్లాం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలకు అందరూ బంతిలో కూర్చున్నారు. ఆకులు పరిచారు. నీళ్లు చల్లారు. పెదనాన్న ప్రార్థన మొదలై, జిల్లా అధికారులు దాటి, పరీక్షలదాకా వచ్చింది. ఆమెన్ అయింది. అన్నం రాలేదు. "వదినా, అన్నం!" అని అత్త కేకేసింది. రాలేదు. పెద్దమ్మ కూతురు, నాదెండ్లలో ఉండే మా అక్క, చూడ్డానికి వెనక్కి వెళ్లింది. తర్వాత అక్క గొంతు వినపడింది. ఆ గొంతు గురించి నేను జోకు వెయ్యలేను, ప్రయత్నించాను.

నాపరాళ్ల మీద పడి ఉంది. ఒళ్లు ముట్టుకుంటే కాలుతోంది, చెమట లేదు. పొద్దున తల తిరుగుతోందని అత్తతో చెప్పిందట. "పులిహోర కలిపేసి కాసేపు కూచో వదినా," అందట అత్త. ఆ మాట అత్తే తర్వాత అందరికీ చెప్పుకుని ఏడ్చింది, ఆఖరిసారి తాను ఎంత ప్రేమగా మాట్లాడిందో మాకు తెలియాలని. నరసరావుపేట తీసుకెళ్లేసరికే అయిపోయింది. డాక్టరు వడదెబ్బ అన్నాడు. కారులో తిరిగి వచ్చేటప్పటికి ఆ మాట మారిపోయింది. ఇంటి ముందు దిగుతూ పెదనాన్న, "ప్రభువు పిలిచాడు," అన్నాడు.

ప్రభువు పిలవలేదు. మేము పిలిచాం. కాఫీకి, టిఫినుకు, పులిహోరకు, అన్నానికి. ఆయన పాపం మధ్యలో వచ్చాడు.

ఆ సాయంత్రానికి ఇంటికి ఫ్రీజరు పెట్టె వచ్చింది, అద్దాల మూతతో. కరెంటు పోతే ఇబ్బందని వెంటనే జనరేటరు తెప్పించారు. ఆ ఇంట్లో పెద్దమ్మ కోసమని ప్రత్యేకంగా చల్లటి వస్తువు ఒకటి తేవడం అదే మొదటిసారి. ఎంత తొందరగా తెచ్చారు! ఎంతమంది ఫోన్లు చేశారు! తలుచుకుంటే చెయ్యలేనివాళ్లేమీ కాదు మా వాళ్లు. అద్దం వెనక పెద్దమ్మ మొహం మీద ఒక వెంట్రుక పడి ఉంది. దాన్ని ఆవిడ ఊదుకోలేదు. అక్క మూత తెరవమంది. చల్లదనం పోతుందన్నారు.

ఇదంతా మనసులో పెట్టుకుని ఈ మే నెలలో అమ్మానాన్నలతో ఊరికి వెళ్లాను. జ్ఞాపకార్థ కూడికకు ముందురోజుకే అందరూ దిగారు. పెదనాన్న నన్ను నేరుగా సమాధుల దొడ్డికి తీసుకెళ్లాడు. అక్క అప్పటికే అక్కడ ఉంది. పెద్దమ్మ సమాధికి గ్రానైటు వేశారు. నాలుగు స్తంభాలు లేపి పైన స్లాబు పోశారు.

"నీడ ఎట్టా వచ్చిందో చూశావా?" అన్నాడు పెదనాన్న. "ఏ పూటా ఎండ తగలదు. దగ్గరుండి పోయించాను."

నేను నోరు తెరిస్తే అక్కడే ఇంకో సమాధి కావలసి వచ్చేది. ఆయన సంఘం పని మీద వెళ్లిపోయాక అక్క పక్కన కూర్చున్నాను. స్లాబు కింద నిజంగానే చల్లగా ఉంది.

"రేపు పిన్ని వండుతుందంటగా?" అంది అక్క.

"అంటన్నారు."

"పిన్ని ఏమంది?"

"చూద్దాం అంది."

అక్క కొంచెంసేపు గ్రానైటు మీద దుమ్ము చేత్తో తుడిచింది. ఆ రాతి మీద సహనమూర్తి అని చెక్కి ఉంది. ఆ మాట మీద తుడవలేదు, చుట్టూ తుడిచింది.

"అక్కా," అన్నాను, "ఆ వంటింటికి కప్పే లేకపోతే రేపు అందులో ఎవరూ వండలేరు గదా?"

అక్క నా వంక చూడలేదు. "నిచ్చెన పక్కింట్లో ఉంది," అంది.

మర్నాడు రేకులు కాలకముందే, వెలుగు రాగానే ఎక్కాను. మూతికి తడి తువ్వాలు కట్టుకుని, కొక్కేల మీద తుప్పు కొట్టుకుంటూ మొదటి రేకు వదులు చేశాను. అక్క కింద నిచ్చెన పట్టుకుని, దుమ్ము లేవకుండా రేకుల మీదికి చెంబులతో నీళ్లు చల్లుతోంది. ఒక కొస ఎత్తాక తెలిసింది, ఒక్కడి వల్ల అయ్యే పని కాదని. అప్పుడు నాన్న వచ్చాడు. లుంగీ ఎగ్గట్టి గోడెక్కి రెండో కొస పట్టుకున్నాడు. అన్నగారి ముందు నోరు తెరవని మా నాన్న జీవితంలో చేసిన అతిపెద్ద ప్రసంగం అది.

చప్పుడుకు ఇల్లంతా వెనక్కి వచ్చింది. పెదనాన్న తెల్లచొక్కా వేసుకుని, కూడికకు తయారై, గుమ్మంలో ఆగిపోయాడు.

"ఒరేయ్! దిగు! ఏందిరా ఈ పని? ఇయ్యాల కూడిక పెట్టుకుని ఇంటి కప్పు పీకుతారా?"

"కప్పు విప్పడం వాక్యంలోనే ఉంది గదా పెదనాన్నా. పక్షవాతం మనిషిని యేసు ముందర దించడానికి విప్పలా?"

"వాళ్లు మనిషిని బాగు చేయించడానికి దించారురా!"

"మనం పూడ్చడానికి దించాం. పోయినేడు. మీకు గుర్తుందో లేదో."

"నీకు ప్రతిదీ ఎగతాళే!"

"ఇది కాదు," అన్నాను. నిజంగానే కాదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఎంత పనిచేశార్రా! వదిన ఆత్మ ఎంత క్షోభిస్తదో!"

"మా అమ్మ ఆత్మ సంగతి నేను చూసుకుంటాలే అత్తా," అంది అక్క, నీళ్లు చల్లడం ఆపకుండా. "నువ్వు ఆ చెంబు అందుకో."

అత్త అందుకుంది. ఎందుకు అందుకుందో ఆమెకే తెలియనట్టుంది.

చివరి రేకు దించేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. ఆ వంటింట్లోకి అన్నేళ్లలో మొదటిసారి నేరుగా వెలుగు పడింది. గోడలు నాలుగూ మసి. మామూలు నలుపు కాదు, పొరలు పొరలుగా పేరుకున్న నలుపు. పొయ్యి పక్క గోడకు మాత్రం, నేల నుంచి కొంచెం పైన, ఒకచోట మసి లేదు. సున్నం కూడా అరిగి లోపలి ఇటుక నున్నగా మెరుస్తోంది. కింద సన్నగా, పైన రెండు భుజాల వెడల్పుతో. పొట్టి మనిషి వీపంత. ఒక గిన్నెకూ ఇంకో గిన్నెకూ మధ్య ఆవిడ ఆనుకుని నిలబడిన చోటు అది. ఈ ఇంట్లో ఆవిడకు ఉన్న స్థలం, గోడ మీద గీసినట్టు, అంత.

అందరూ చూశారు. ఎవరూ స్తోత్రం అనలేదు. పెదనాన్న గడప దాటి లోపలికి వచ్చాడు. ఆ గోడ ముందు చానాసేపు నిలబడ్డాడు. ఆయన పెదవులు కదిలాయి. గోడ మీద నుంచి చూస్తున్న నాకు, ఇంక ఈయన ఏడుస్తాడు, ఏడిస్తే నా కోపం ఏమైపోతుందో అని భయం కూడా వేసింది.

ఆయన ఇటు తిరిగాడు.

"మరి ఇయ్యాల వంట ఎట్టా?" అన్నాడు.

నా దగ్గర జవాబు ఉంది. ఏడాదిగా నూరుకుంటున్న జవాబు. నోరు తెరిచేలోపే, వెనక వరండాలోంచి అమ్మ గొంతు వినిపించింది. అమ్మ తలంటుకుని, కుర్చీలో కూర్చుని, జుట్టు ముందుకు వేసుకుని చిక్కు తీసుకుంటోంది.

"అది మీరే చూసుకోవాలి బావగారూ. నేను అక్క కోసం వచ్చాను, వంటకి రాలా."

పెదనాన్నకు అర్థం కాలేదు. అమ్మ గొంతులో కోపం లేదు మరి. కోపం ఉంటే ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు.

"అది కాదమ్మా, ఊరందరినీ పిలిచాం. పదకొండింటికి జనం వస్తారు..."

"రానివ్వండి," అంది అమ్మ.

దువ్వెన పైనుంచి కిందిదాకా నిదానంగా దించింది. పళ్లలో చిక్కిన వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది. మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. పెదనాన్న కప్పులేని వంటింట్లో, తెల్లచొక్కాతో, ఎండలో నిలబడి, ఆమె లేస్తుందేమోనని ఇంకా చూస్తూనే ఉన్నాడు.